వేకువ వెలుగు - పడకగది పరదా

జూన్ మొదటి వారంలో హైదరాబాదులో సూర్యోదయం సుమారు 5 గంటల 40 నిమిషాలకు. తూర్పుకు కిటికీ ఉన్న పడకగదిలో మరో పావుగంటకల్లా ఎండ మంచం మీదికి చేరుతుంది. రేఖాంశం ఒక్కో డిగ్రీ తూర్పుకు జరిగే కొద్దీ సూర్యుడు 4 నిమిషాలు ముందుగా కనిపిస్తాడు కనుక, విశాఖపట్నంలోని సోదరుల ఇళ్లలోకి ఈ వెలుగు ఇంకా పావుగంటకు పైగా ముందే వస్తుంది. అదే జనవరిలో చూస్తే హైదరాబాదులో దాదాపు 6 గంటల 45 నిమిషాల దాకా సూర్యుడు కనిపించడు. చలికాలంలో ఎవరికీ అడ్డురాని కిటికీ వేసవిలో ఇంటిల్లిపాదికీ సమస్య కావడానికి ఈ గంట తేడాయే కారణం.

మా ఇంట్లోనూ అలాంటి కిటికీ ఒకటి ఉంది. గుంటూరు నుంచి వచ్చి ఈ ఇల్లు తీసుకున్నప్పుడు, ఆ గదిలోకి ఉదయపుటెండ పడుతుందని మేము ఎంతో సంతోషించాము. పెళ్లయ్యాక ఆ గదిని మా అబ్బాయికి, కోడలికి ఇచ్చాము. మూడేళ్ల మనుమరాలి మంచం కూడా అక్కడే. ఆ తర్వాత అబ్బాయి ఉద్యోగం రాత్రి షిఫ్టుకు మారింది. సాయంత్రం వెళ్లి తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా ఇల్లు చేరతాడు. వుజూ చేసుకొని మాతోపాటు మస్జిదుకు వచ్చి ఫజ్ర్ నమాజు జమాఅత్‌తో చేసి, అయిదుంపావుకు పక్క మీదికి చేరతాడు. అతడు కళ్లు మూసిన అరగంటకే సూర్యుడు వస్తాడు.

ఈ శీర్షికలో ఇంటి విషయాలు ఎన్నో ముచ్చటించుకున్నాము. ఈ నెల మా ఇంటి పొరపాటు ఒకటి చెప్పుకోక తప్పదు. ఫజ్ర్ తర్వాత నిద్రపోతే బర్కత్ ఉండదని చిన్ననాటి నుంచి విన్నవాళ్లము. అందుచేత ఆరు గంటలకు ఆ గది తలుపు తట్టి కిటికీ రెక్కలు బార్లా తెరిచేవాళ్లము. అబ్బాయి మాకు ఎదురు చెప్పే మనిషి కాడు. మోచేయి కళ్లకు అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు కోడలు తన పాత దుపట్టాను కిటికీ ఊచలకు కట్టింది. కిటికీ అందం చెడిందని దాన్ని విప్పి, మడతపెట్టి ఆమె చేతికి ఇచ్చినవాళ్లము మేమే. ఆమె కూడా ఏమీ అనలేదు.

కొన్నాళ్లకు అబ్బాయి ఓ సాయంత్రం స్కూటర్ మీద కూరగాయలకు వెళ్లి, మలుపు దగ్గర కునుకు పట్టి పడిపోయాడు. అల్లాహ్ దయవల్ల మోచేతికి, మోకాలికి దెబ్బలతో బయటపడ్డాడు. వెనక సీటు మీద మనుమరాలు లేకపోవడం ఆయన చేసిన మరో మేలు. కట్టు కట్టిన డాక్టరుగారు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు: "ఈ అబ్బాయి రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు?" అతడి జీతం ఎంతో మాకు తెలుసు. ఆఫీసు నుంచి ఎన్నింటికి వస్తాడో తెలుసు. ఆ ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేకపోయింది. కోడలు నెమ్మదిగా, "మూడు గంటలండీ, ఒక్కోరోజు అదీ లేదు," అని చెప్పింది.

శరీరానికీ హక్కుంది

ఇంటికి వచ్చాక మేము చాలాసేపు ఆలోచించాము. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు చేస్తూ గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. శరీరానికి, కళ్లకు, భార్యకు, అతిథికి మన మీద హక్కులున్నాయని ఆయన అప్పుడు బోధించారు. ఆరాధన కోసమే అయినా శరీరపు హక్కును కాలరాయవద్దన్న ధర్మం, ఇంటిల్లిపాది కోసం రాత్రంతా మేల్కొని హలాల్ సంపాదన తెచ్చే మనిషి విషయంలో మరెంత శ్రద్ధ కోరుతుందో వేరుగా చెప్పనక్కర్లేదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్-నబా సూరా రాత్రిని వస్త్రంతో పోల్చింది. ఆ రాత్రిని ఉద్యోగానికి అప్పగించినవాడికి పగటిపూట కాస్త చీకటి సమకూర్చడం ఇంటివాళ్ల పని.

ఉదయకాలంలో శుభం ఉందన్నది నిజమే. తన సముదాయానికి ఉదయవేళల్లో బర్కత్ ప్రసాదించమని దైవప్రవక్త (స) దుఆ చేసినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. అయితే ఆ మాటను సోమరితనాన్ని వదిలించుకోవడానికి వాడుకోవాలి గానీ, అలసినవాడి నిద్ర చెడగొట్టడానికి కాదు. ఫజ్ర్ వేళకు, సూర్యోదయానికి మధ్య మన ప్రాంతంలో సుమారు గంటంపావు వ్యవధి ఉంటుంది. కిటికీలోంచి ఎండ వచ్చేసరికి ఫజ్ర్ సమయం ముగిసిపోతుంది. కాబట్టి ఎండను ఆపే పరదా ఫజ్ర్ నమాజును ఆపదు. విధి నెరవేర్చి పడుకున్నవాడి విశ్రాంతిని అది కాపాడుతుంది.

వెలుగుకు, నిద్రకు ఉన్న సంబంధం మన శరీర నిర్మాణంలోనే ఉంది. చీకటిలో మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. కంటికి వెలుగు తగలగానే దాని విడుదల తగ్గిపోతుంది. కనురెప్పలు పలుచని చర్మం గనుక మూసిన కళ్లలోకి కూడా కొంత వెలుగు వెళుతుంది. రాత్రి పనిచేసేవారికి పగటి నిద్ర అసలే తక్కువగా, తేలికగా ఉంటుంది. ఆపైన ఎండ కూడా తోడైతే అది ముక్కలైపోతుంది.

మా మొదటి పరదాలు

మరుసటి రోజే బజారుకు వెళ్లి పరదాలు తెచ్చాము. ముదురు రంగైతే వెలుగును ఆపుతుందనుకొని చిక్కటి మెరూన్ రంగు ఎంచుకున్నాము. తెల్లవారేసరికి గదంతా ఎర్రబడింది తప్ప చీకటి కాలేదు. పైనుంచి, పక్కల నుంచి వెలుగు చారలు యథాప్రకారం మంచం మీదే పడ్డాయి. అబ్బాయి ఆ రోజూ మోచేయి అడ్డం పెట్టుకొనే పడుకున్నాడు. తెలియక చేసిన ఖర్చు వృథా అయింది. ఆ తర్వాత పరదాలు కుట్టే దర్జీని కూర్చోబెట్టుకొని అడిగి తెలుసుకున్నవి, చేసి చూసినవి ఇక్కడ చెబుతున్నాము.

మొదటి సంగతి, వెలుగును ఆపేది గుడ్డ రంగు కాదు, అల్లిక. సాధారణ పరదా గుడ్డ ఎంత ముదురుగా ఉన్నా పోగుల మధ్య సందుల్లోంచి ఎండ వస్తుంది. వెలుగును ఆపడానికి తయారైన గుడ్డలను దుకాణాల్లో బ్లాక్‌అవుట్ అంటారు. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, మూడు పొరల అల్లిక. ముందు, వెనక రంగు దారాలు, మధ్యలో దట్టమైన నల్ల దారం ఉంటాయి. మెత్తగా ఉంటుంది, చక్కగా మడతలు పడుతుంది, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. చాలా వరకు వెలుగును ఆపుతుంది గానీ నేరుగా పడే ఎండలో కొద్దిపాటి మెరుపు కనిపిస్తుంది. లేత రంగుల్లో ఈ మెరుపు ఎక్కువ.

రెండవది, వెనకవైపు పూత పూసిన గుడ్డ. మంచి రకాల్లో తెలుపు, నలుపు, తెలుపు వరుసలో మూడు పూతలు ఉంటాయి. ఇది దాదాపు పూర్తి చీకటి ఇస్తుంది. కిటికీ వైపు తెలుపు ఉండటం వల్ల ఎండ వేడిని కొంత వెనక్కి పంపుతుంది. అయితే గట్టిగా పిండినా, పూత మీద ఇస్త్రీ చేసినా పగుళ్లు వస్తాయి. సూది పోట్లలోంచి చుక్కలుగా వెలుగు రావడం కూడా దీనిలో మామూలే.

పేరు ఏదైనా దుకాణదారు మాట మీద కొనవలసిన పని లేదు. గుడ్డను ఒంటి పొరగా పట్టుకొని వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి వెలిగించి చూడండి. వెలుగు గుండ్రం స్పష్టంగా కనిపిస్తే అది పడకగదికి పనికిరాదు. మసక మచ్చగా కనిపిస్తే పసిపిల్లల గదికి, ఎండ నేరుగా పడని కిటికీకి చాలు. ఏమీ కనిపించకపోతే రాత్రి షిఫ్టువారికి అదే సరైనది. అడిగితే ఏ దుకాణంవారూ ఈ పరీక్షకు అభ్యంతరం చెప్పరు.

కొలతలో ఉంది కిటుకు

గుడ్డ ఎంత మంచిదైనా అంచుల నుంచి వచ్చే వెలుగును అది ఆపలేదు. మా మొదటి పరదాల అసలు లోపం ఇదే. రాడ్డును కిటికీ చట్రానికి సరిగ్గా అంతే వెడల్పున బిగించాము. అప్పుడు పరదా ఎంత లాగినా రెండు పక్కలా సందు మిగులుతుంది.

మా కిటికీ 4 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. నేల నుంచి రెండున్నర అడుగుల పైన మొదలవుతుంది. రెండవసారి రాడ్డును ప్రతి పక్కనా 6 అంగుళాలు ఎక్కువగా, మొత్తం 5 అడుగులు ఉండేలా, చట్రానికి 6 అంగుళాల పైన బిగించాము. మడతలు పడటానికి రాడ్డు వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు గుడ్డ కావాలి. అంటే ఏడున్నర అడుగులు. సిద్ధంగా దొరికే పరదా సాధారణంగా 4 అడుగుల వెడల్పు ఉంటుంది కనుక రెండు రెక్కలు సరిపోయాయి.

పొడవు విషయంలో జాగ్రత్త అవసరం. దుకాణాల్లో కిటికీకి 5 అడుగులు, తలుపుకు 7, పొడవాటి తలుపుకు 9 అడుగుల పరదాలు అమ్ముతారు. మా లెక్కలో రాడ్డు నుంచి కిటికీ అడుగుకే 5 అడుగులు. కిటికీ పరదా వేస్తే అది గట్టు దగ్గరే ఆగిపోయి కింద నుంచి వెలుగు వస్తుంది. అందుచేత 7 అడుగుల తలుపు పరదాలే తీసుకున్నాము. అవి నేలకు అరడుగు పైన ఆగాయి. తుడవడానికీ అడ్డు లేదు.

పైనుంచి వచ్చే వెలుగు సంగతి మరొకటి. రింగుల్లోంచి రాడ్డు దూర్చే ఐలెట్ పరదాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, రింగుల దగ్గర గుడ్డ ముందుకు వెనక్కు వంపులు తిరగడం వల్ల పైన సందులు ఏర్పడతాయి. కొక్కేలతో వేలాడే కుచ్చుల పరదాలో ఈ సందు తక్కువ. పైన చెక్క పెల్మెట్ ఉంటే ఇంకా మంచిది. రెండు చివర్లు గోడకు ఆనేలా రాడ్డు బ్రాకెట్ పక్కన చిన్న కొక్కెం బిగించి పరదా అంచును దానికి తగిలించాలి, లేదా గోడకు, గుడ్డకు వెల్‌క్రో పట్టీ అతికించాలి. మధ్యలో రెండు రెక్కలూ నాలుగు అంగుళాలు ఒకదానిపై ఒకటి వచ్చేలా చూసుకోవాలి. పాత ఇళ్లలో కిటికీ పైన వెంటిలేటర్ ఉంటుంది. దాన్ని మరచిపోతే కింద చేసిందంతా వ్యర్థమే.

కొత్తవి కొనే స్తోమత లేనివారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఉన్న పరదాకే వెనక నల్లటి మందపాటి కాటన్ గుడ్డను అస్తరుగా కుట్టించుకోవచ్చు. రెండు పాత దుప్పట్లను కలిపి కుట్టి కొక్కేలు పెట్టినా పని జరుగుతుంది. మా మెరూన్ పరదాలకు అలాగే అస్తరు వేయించి ముందుగదిలో వాడుతున్నాము. అద్దె ఇంట్లో గోడకు మేకులు కొట్టనివ్వని చోట, ఉన్న రాడ్డు మీదే వెడల్పాటి గుడ్డ వేసి పక్క అంచులను వెల్‌క్రోతో గోడకు ఆనించడం ఒక మార్గం.

గాలి, పిల్లలు, చీకటి

దట్టమైన పరదా వెలుగుతో పాటు గాలినీ ఆపుతుంది. ఏసీ లేని గదిలో వేసవిలో ఇది ఇబ్బందే. కిటికీ అద్దం తెరిచి, దోమతెర మాత్రం మూసి, పరదా కింది భాగంలో గాలి ఆడేలా ఉంచాలి. తూర్పు కిటికీ మూసినా, ఎదురుగా ఉన్న తలుపునో ఉత్తరపు కిటికీనో తెరిచి ఉంచితే ఉక్క తగ్గుతుంది. ఫ్యాను గాలికి పరదా ఎగరకుండా కింది మడతలో బరువు పట్టీ కుట్టిస్తే సరి.

పసిపిల్లలున్న ఇంట్లో తాడు లాగి తెరిచే బ్లైండ్లు వద్దు. వేలాడే తాడు పిల్లల మెడకు చుట్టుకొనే ప్రమాదం ఉంది. పరదా అయినా పిల్లల మంచాన్ని దానికి దూరంగా వేయాలి. దోమల చుట్ట, సాంబ్రాణి పొగ గిన్నె పరదా దగ్గర పెట్టకూడదు.

పూర్తి చీకటి పెద్దవాళ్లకు మరో చిక్కు తెస్తుంది. తహజ్జుద్‌కో, వుజూకో లేచినప్పుడు కాలికి ఏది తగులుతుందో తెలియదు. మంచం కింద, నేలకు దగ్గరగా పసుపు రంగు చిన్న బల్బు ఒకటి పెట్టుకుంటే దారి కనిపిస్తుంది, నిద్రా చెడదు.

బొమ్మలు, ఆడంబరాలు

పరదా ఎంపికలో మనకు మరో రెండు విషయాలు ముఖ్యం. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న పరదా వేలాడదీసినప్పుడు దైవప్రవక్త (స) ఇష్టపడలేదని, ఆమె దాన్ని కోసి దిండ్లు చేశారని హదీసుల్లో ఉంది. నమాజులో ఆ బొమ్మలు దృష్టి మళ్లిస్తున్నాయని ఆయన చెప్పిన ఉల్లేఖనమూ ఉంది. తీసేసిన గుడ్డను పారేయకుండా దిండ్లుగా మార్చడంలో పొదుపు పాఠం కూడా ఉంది. కాబట్టి నెమళ్లు, ఏనుగులు, మనుషుల బొమ్మలు లేని సాదా గుడ్డనో, ఆకులు, గీతల నమూనానో ఎంచుకుందాము. పిల్లల గదికి అమ్మే పరదాల మీద కార్టూన్ బొమ్మలే ఎక్కువ కనుక అక్కడ మరింత గమనించాలి. మన ప్రాంతంలో కిబ్లా పడమటి వైపు. పడమటి కిటికీకి వేసే పరదా నమాజులో మన కళ్ల ఎదుటే ఉంటుంది.

రెండవది దుబారా. రాళ్లకు, మట్టికి బట్టలు తొడిగే పని మనకు అప్పగించలేదన్న భావం మరో హదీసులో కనిపిస్తుంది. అవసరమైన కిటికీకి అవసరమైనంత గుడ్డ చాలు. ఇంటి కిటికీలన్నిటికీ ఖరీదైన బ్లాక్‌అవుట్ వేసి పగలంతా లైట్లు వెలిగించుకోవడం వివేకం కాదు. ఆ డబ్బు నిద్రపోయే మనిషి గదికి మాత్రమే వెచ్చిస్తే అది ఖర్చు అనిపించుకోదు.

పడకగది ఏకాంతం గురించి కూడా ఒక మాట. అన్-నూర్ సూరాలో ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తర్వాత పిల్లలు సైతం అనుమతి అడిగి రావాలన్న ఆదేశం ఉంది. మిగతా వేళల్లో ఇంట్లోవాళ్ల రాకపోకలకు అభ్యంతరం లేదన్న వెసులుబాటునూ అదే చోట చూస్తాము. మూసిన పరదా, మూసిన తలుపు వెనక ఎవరో విశ్రాంతి తీసుకుంటున్నారని తెలిసినప్పుడు, ఏ వేళయినా తట్టి ఆగడం మర్యాద. ఆరు గంటలకు తట్టీ తట్టకుండానే లోపలికి వెళ్లి కిటికీ తెరిచిన మాకు ఈ పాఠం ఆలస్యంగా ఒంటబట్టింది.

మేల్కొలిపేవారు ఉండాలి

రాత్రి నిద్రపోయే కుటుంబాలు ఈ పరదాలు వేసుకున్నప్పుడు మరో బాధ్యత మీద పడుతుంది. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స), సహచరులు రాత్రి చివరి భాగంలో విశ్రమిస్తూ, ఫజ్ర్‌కు లేపమని హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించారు. ఆయనకూ నిద్ర ముంచుకొచ్చింది. చివరికి ఎండ వేడికి మెలకువ వచ్చింది. లేచాక నమాజు చేశారు. నిద్రవల్ల నమాజు తప్పినవారు లేవగానే చేయాలన్న బోధన మనకు ఆ సందర్భంలోనే అందింది. పడుకునే ముందు లేపేవారిని ఏర్పాటు చేసుకోవడం కూడా అందులో మనకున్న ఆదర్శమే. చీకటి గదిలో ఆ ఎండ వేడి కూడా లోపలికి రాదు. అందువల్ల అలారం గడియారం మంచానికి దూరంగా, లేచి వెళ్తే తప్ప ఆపలేని చోట ఉండాలి. ఇంట్లో ఒకరు మరొకరిని లేపే అలవాటు ఉండాలి. ఫజ్ర్ చేసి వచ్చాక, పడుకోనవసరం లేనివారు పరదా తెరిచి ఉదయపు వెలుగులో కూర్చోవడం మేలు. శరీరపు గడియారాన్ని సరిదిద్దేది ఆ వెలుగే. పిల్లలకూ అది అవసరమే.

ఇప్పుడు మా ఇంట్లో ఫజ్ర్ తర్వాత కోడలు, మనుమరాలు ఆ గదిలోంచి బయటికి వచ్చేస్తారు. పరదా మూసి, తలుపు దగ్గరగా వేస్తాము. మిక్సీ వాడకం పదకొండు తర్వాతే. మేము ఖుర్ఆన్ పారాయణం బాల్కనీలోకి మార్చుకున్నాము. అక్కడ ఎండ కావలసినంత ఉంది. జుహర్ అజాన్‌కు అబ్బాయి లేచి తానే పరదా తెరుస్తాడు.

కోడలు కట్టిన ఆ దుపట్టా విషయంలో ఆమెను క్షమించమని అడిగాము. "పెద్దవారు, అలా అనకండి," అంది. అన్నీ అమర్చుకున్నాక ఆలోచిస్తే, ఆ గదిలో నిద్రపోతున్నవాడికి ఏం కావాలో ఆమె మాకన్నా ముందే చూసింది. మీ ఇంట్లోనూ ఎవరైనా కిటికీకి పాత గుడ్డ కట్టి ఉంటే, దాన్ని విప్పే ముందు ఎందుకు కట్టారో ఒక్కసారి అడగండి.